డేటాబేస్ కనెక్షన్: వాడి మూసేయాలా, పట్టుకుని కూర్చోవాలా, పదిమందితో పంచుకోవాలా?

కొన్నేళ్ల కిందట ఒక హోల్‌సేల్ వ్యాపారి బిల్లింగ్ సైటు చూసిపెట్టేవాణ్ని. అక్కడి అకౌంటెంట్ గారు పొద్దున తొమ్మిదిన్నరకి అందరికన్నా ముందొచ్చి సిస్టమ్ ముందు కూర్చునేవారు. లాగిన్ నొక్కగానే ఎర్రర్ పేజీ. రిఫ్రెష్ కొడితే మళ్లీ ఎర్రర్. మూడోసారికో నాలుగోసారికో లోపలికి వెళ్లేది. పదింటికి వచ్చే మిగతావాళ్లకి ఏ ఇబ్బందీ ఉండేది కాదు. "మీ చెయ్యి తగిలితేనే సైటు మొరాయిస్తుందండీ" అని ఆఫీసంతా ఆయన్ని ఆటపట్టించేది.

లాగ్ తీస్తే "మైఎస్‌క్యూఎల్ సర్వర్ హ్యాజ్ గాన్ అవే" అని వరసగా ఉంది. మైఎస్‌క్యూఎల్ అంటే ఆ సైటు వాడే డేటాబేస్. ఆఫీసు మూసేది రాత్రి ఏడున్నరకి. మైఎస్‌క్యూఎల్‌లో 'వెయిట్ టైమౌట్' (ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని ఎంతసేపు ఉంచాలో చెప్పే సెట్టింగ్) డిఫాల్ట్ 28,800 సెకన్లు, అంటే సరిగ్గా 8 గంటలు. తెల్లవారుజామున మూడున్నరకల్లా డేటాబేస్ తన వైపు నుంచి కనెక్షన్లన్నీ తెంపేసుకుంది. ఆ సంగతి అప్లికేషన్‌కి తెలీదు. నిన్నటి కనెక్షన్లు పూల్‌లో (తెరిచిన కనెక్షన్లని మళ్లీ వాడుకోవడానికి దాచుకునే చోటు) భద్రంగానే ఉన్నాయనుకుని, పొద్దున వచ్చిన మొదటి మనిషికి చచ్చిన కనెక్షన్లని ఒక్కొక్కటిగా తీసి ఇస్తోంది. అవన్నీ అయిపోయేదాకా పాపం ఆయన రిఫ్రెష్ కొడుతూనే ఉండాలి.

"పర్సిస్టెంట్ కనెక్షన్ పెట్టు, సైటు స్పీడవుతుంది" అనే సలహా మన టెక్ గ్రూపుల్లో రోజూ వినిపిస్తుంది. పేజీ అయిపోయినా కనెక్షన్ మూయకుండా తర్వాతి పేజీకి ఉంచుకోవడమే పర్సిస్టెంట్. ఆ సలహా ఇచ్చేవాళ్లు ఈ కథ చెప్పరు. కనెక్షన్‌ని మూయకుండా ఉంచుకున్నాక ఎన్ని ఉంచుకున్నాం, ఎంతసేపు ఉంచుకున్నాం, అవతలివాడు ఇంకా పట్టుకునే ఉన్నాడా అన్న లెక్క ఎవరో ఒకరు చూసుకోవాలి. అందుకే ఈ ఎంపికలో స్పీడు నాకు రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న "మొత్తం ఎన్ని?"

తెరవడానికి నిజంగా ఎంతవుతుంది

అయినా స్పీడు సంగతి ముందు తేల్చేద్దాం, లేకపోతే అది మనసులో తొలుస్తూనే ఉంటుంది.

వేరే మెషీన్‌లో ఉన్న పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కి టీఎల్ఎస్‌తో, అంటే మధ్యలో ఎవరూ చదవలేని గుప్త భాషలో, కనెక్ట్ అవుతున్నాం అనుకోండి. ముందు టీసీపీ (నెట్‌వర్క్ కనెక్షన్) పలకరింపుకి ఒక రానుపోను. "టీఎల్ఎస్ మాట్లాడతావా?" అని పోస్ట్‌గ్రెస్‌ని అడగడానికి ఇంకొకటి. టీఎల్ఎస్ 1.3 అయితే దానికి ఒకటి, 1.2 అయితే రెండు. ఆ తర్వాత యూజర్ పేరు చెప్పడం, స్క్రామ్ పద్ధతిలో పాస్‌వర్డ్ రుజువు చేసుకోవడం: మరో మూడు. టీఎల్ఎస్ 1.3 అయినా మీ మొదటి క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) బయల్దేరేలోపు ఆరు సార్లు అటూ ఇటూ తిరిగారన్నమాట. స్క్రామ్‌లో పాస్‌వర్డ్‌ని మామూలుగా 4,096 సార్లు హ్యాష్ చేయాలి. ఆ చాకిరీ చేసేది డేటాబేస్ కాదు, మీ వెబ్ సర్వరే.

ఇది చాలదన్నట్టు పోస్ట్‌గ్రెస్ ఆ కనెక్షన్ కోసం ప్రత్యేకంగా ఒక ప్రాసెస్‌ని (విడిగా నడిచే ప్రోగ్రామ్) పుట్టిస్తుంది. అది పుట్టేటప్పటికి దానికి ఏ టేబుల్లో ఏ కాలమ్ ఉందో కూడా గుర్తుండదు, మొదటి క్వెరీకి అన్నీ చూసుకోవాలి. మైఎస్‌క్యూఎల్ ఇక్కడ కొంచెం తేలిక. దానిది కనెక్షన్‌కి ఒక థ్రెడ్ (ఒకే ప్రాసెస్ లోపల నడిచే చిన్న పాయ) పద్ధతి. పాత థ్రెడ్లని పక్కన ఉంచుకుని మళ్లీ వాడుకుంటుంది కూడా.

ఇప్పుడు లెక్కేయండి. వెబ్ సర్వర్, డీబీ (డేటాబేస్) ఒకే డేటా సెంటర్‌లో ఉండి ఒక రానుపోనుకి అర మిల్లీసెకను పడితే, ఆరింటికి 3 మిల్లీసెకన్లు. అప్లికేషన్ ఒక ఊళ్లో, డీబీ ఇంకో ఊళ్లో ఉండి 12 మిల్లీసెకన్లు పడితే, 72. మొదటి కేసులో కనెక్షన్ దాచుకోవడం వల్ల మిగిలేది ఎవరి కంటికీ ఆనదు. ఇండెక్స్ లేక 400 మిల్లీసెకన్లు తినే క్వెరీ అదే పేజీలో ఉంటే ముందు దాని సంగతి చూడండి. రెండో కేసులో మాత్రం ప్రతి పేజీ క్లిక్కుకీ 72 మిల్లీసెకన్ల పన్ను కడుతున్నట్టే, అక్కడ దాచుకోవడానికి అర్థముంది. రెండూ ఒకే మెషీన్‌లో ఉండి యూనిక్స్ సాకెట్ (నెట్‌వర్క్ అక్కర్లేని, మెషీన్ లోపలి దారి) మీద మాట్లాడుకుంటుంటే ఈ చర్చే అక్కర్లేదు.

నాలుగు దారులు

ఆటో ఉదాహరణ చెప్తాను, దీనికన్నా బాగా సరిపోయేది నాకు దొరకలేదు. పని పడినప్పుడల్లా వీధిలోకొచ్చి కొత్త ఆటో మాట్లాడుకోవచ్చు. ఒక ఆటోని రోజంతా మాట్లాడేసుకుని, మనం షాపులో ఉన్నంతసేపూ బయట వెయిటింగ్‌లో పెట్టుకోవచ్చు. అపార్ట్‌మెంట్ వాళ్లంతా కలిసి నాలుగు ఆటోలు పెట్టుకుని, ఎవరికి పని ఉంటే వాళ్లు ఎక్కి, దిగగానే మళ్లీ గేటు దగ్గర వదిలేయొచ్చు. లేదా వీధి చివర స్టాండు పెట్టి, అన్ని అపార్ట్‌మెంట్లకీ అక్కణ్నుంచే పంపమనొచ్చు. డేటాబేస్ దగ్గరి వీధి మాత్రం ఇరుకు. పోస్ట్‌గ్రెస్‌లో డిఫాల్ట్‌గా 100 ఆటోలకే చోటు, అందులో 3 సూపర్‌యూజర్ కోసం ఆపి ఉంచుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో 151.

ప్రతిసారీ కొత్తది

పీహెచ్‌పీ మామూలుగా చేసేది ఇదే. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో, కనెక్షన్‌ని ఎన్ని సెకన్లు ఉంచుకోవాలో చెప్పే 'కాన్ మ్యాక్స్ ఏజ్' ముట్టుకోకపోతే దాని డిఫాల్ట్ సున్నా, అంటే అదీ ఇదే. వర్డ్‌ప్రెస్ కూడా పేజీకో కనెక్షన్ తెరిచి, పేజీ అయ్యాక వదిలేస్తుంది. ఇన్ని లక్షల సైట్లు ఇలా నడుస్తుంటే ఇది వెనకబడిన పద్ధతి అని ఎలా అంటాం?

దీనికి ఒక సుగుణం ఉంది, దాన్ని తక్కువ అంచనా వేస్తారు. కనెక్షన్ మూతపడగానే దాని మీద మిగిలిన చెత్తంతా దానితోపాటే పోతుంది: సగంలో ఆగిన ట్రాన్సాక్షన్ (జరిగితే అన్నీ జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదు అనే మార్పుల కట్ట), విప్పని లాక్, టెంపరరీ టేబుల్, ఎవరో మార్చిన సెట్టింగ్. తప్పు చేసిన కోడ్ తన పేజీనే పాడుచేసుకుంటుంది, తర్వాతి వాడి పేజీ జోలికి పోదు. ఇంకోటి, డీబీలో ఏ క్షణంలోనైనా ఉండే కనెక్షన్లు ఆ క్షణంలో నిజంగా నడుస్తున్న పేజీల లెక్కకి దగ్గరగా ఉంటాయి. ఖాళీగా కూర్చున్నవి ఉండవు.

ఇది తట్టుకోలేనిది బాగా ఎక్కువ రద్దీ. టీసీపీలో ముందు మూసినవైపు ఆ పోర్టు ఒక నిమిషం పాటు 'టైమ్ వెయిట్'లో ఇరుక్కుంటుంది. లైనక్స్ డిఫాల్ట్‌లో బయటికెళ్లే పోర్టులు 32,768 నుంచి 60,999 దాకా, అంటే 28 వేల చిల్లర. అరవైతో భాగిస్తే సెకనుకి 470. ఒకే వెబ్ మెషీన్ నుంచి ఒకే డీబీకి అంతకు మించి తెరిచి మూస్తుంటే, కొత్త కనెక్షన్లు చిత్రమైన ఎర్రర్లతో ఆగిపోవడం మొదలవుతుంది. ఆ రద్దీ మీ సైటుకి ఉందా? చాలామందికి ఉండదు.

వర్కర్‌కి ఒకటి, ఎప్పటికీ

పర్సిస్టెంట్ కనెక్షన్ అనగానే పీహెచ్‌పీ వాళ్లకి గుర్తొచ్చేది ఇది. ఒకప్పటి 'మైఎస్‌క్యూఎల్ పీకనెక్ట్' 2015లో పీహెచ్‌పీ 7తో పాటు ఆ పాత ఎక్స్‌టెన్షన్ మొత్తం పోయినప్పుడు పోయింది. ఇప్పుడు దాని స్థానంలో వాడే లైబ్రరీల్లో, మైఎస్‌క్యూఎల్ఐలో అయితే హోస్ట్ పేరు ముందు 'పీ' అక్షరం, కోలన్ పెడతారు. పీడీఓలో అయితే 'ఆట్రిబ్యూట్ పర్సిస్టెంట్' ఆన్ చేస్తారు.

ఇది ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూడాలి, ఎందుకంటే అపార్థాలన్నీ ఇక్కడే పుడతాయి. పీహెచ్‌పీ ఎఫ్‌పీఎంలో (పీహెచ్‌పీ పేజీల్ని నడిపే సర్వీసు) 50 వర్కర్ ప్రాసెస్‌లు ఉన్నాయనుకోండి. మీ స్క్రిప్టు 17వ వర్కర్‌లో నడిచింది, కనెక్షన్ తెరిచింది, పేజీ పంపింది, ముగిసింది. కనెక్షన్ మాత్రం మూతపడలేదు, 17వ వర్కర్ జేబులో ఉంది. తర్వాత ఏ ఊరి నుంచి ఏ మనిషి రిక్వెస్ట్ ఆ 17వ వర్కర్‌కి వచ్చినా, అదే హోస్ట్, అదే యూజర్, అదే పాస్‌వర్డ్ అడిగితే ఆ కనెక్షనే చేతికొస్తుంది. 18వ వర్కర్ ఖాళీగా ఉన్న 17వ వర్కర్ కనెక్షన్‌ని అరువు తీసుకోలేదు. కాబట్టి ఇది పూల్ కాదు. బ్రౌజర్ ముందు కూర్చున్న మనిషికీ ఈ కనెక్షన్‌కీ చుట్టరికం ఏమీ లేదు. ఒక పేజీలో ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, తర్వాతి పేజీలో కమిట్ (ఖాయం) చేద్దామని ప్లాన్ వేసిన కుర్రాళ్లని ఇంటర్వ్యూల్లో చూశాను. హెచ్‌టీటీపీలో ఉండే కీప్ అలైవ్ (బ్రౌజర్‌కీ వెబ్ సర్వర్‌కీ మధ్య కనెక్షన్ ఉంచుకోవడం) ఇంకో సంగతి, దాన్ని దీనితో కలపకండి.

ఇప్పుడు గుణకారం. వెబ్ సర్వర్లు 4, ఒక్కోదాంట్లో వర్కర్లు 50. రద్దీగా ఉన్న ఏదో ఒక గంటలో అన్ని వర్కర్లూ ఒక్కసారైనా డీబీని తాకుతాయి. మొత్తం 200 కనెక్షన్లు. మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ 151 ఎప్పుడో దాటిపోయింది. చదవడానికి ఒక యూజర్, రాయడానికి ఒక యూజర్ అని రెండు లాగిన్లు వాడుతుంటే 400. 'షో ప్రాసెస్‌లిస్ట్' కొట్టి చూస్తే స్క్రీన్ నిండా 'స్లీప్', 'స్లీప్', 'స్లీప్'. ఎక్కడో మధ్యలో మూడు క్వెరీలు పనిచేస్తూ కనబడతాయి. ఆటోలన్నీ వెయిటింగ్‌లో ఉండి వీధి నిండిపోతే, నిజంగా పని ఉన్నవాడికి "టూ మెనీ కనెక్షన్స్" ఎదురవుతుంది.

ఇంతకన్నా ఇబ్బంది పెట్టేది మిగిలిపోయిన చెత్త. వేరే ఒక చోట మేం పడ్డ పాట్లు చెప్తాను. పీడీఓ పర్సిస్టెంట్ ఆన్ చేసిన వారానికి, కొన్ని బిల్లుల మీద టైము ఐదున్నర గంటలు వెనక్కి పడుతోందని ఫిర్యాదు. అన్నీ కాదు, పదింట్లో ఒకటో రెండో. పొద్దున పదకొండింటి బిల్లు మీద ఐదున్నర అని ఉంటుంది. షాపు అప్పటికి తెరవనే లేదు! రెండు రోజులు సర్వర్ గడియారాన్ని తిట్టుకున్నాం. చివరికి తేలిందేంటంటే, నెలవారీ రిపోర్టు పేజీ ఒకటి పని మొదట్లో సెషన్ టైమ్ జోన్‌ని యూటీసీకి మారుస్తోంది, తిరిగి మార్చడం లేదు. పాత పద్ధతిలో పేజీ అయిపోగానే కనెక్షన్ పోయేది కాబట్టి పదేళ్లుగా ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు ఆ రిపోర్టు ఏ వర్కర్‌లో నడిస్తే ఆ వర్కర్ ఇక యూటీసీలోనే బతుకుతోంది, దాని దగ్గరికొచ్చిన బిల్లులన్నీ ఐదున్నర గంటలు వెనక్కి.

మైఎస్‌క్యూఎల్ఐ ఈ విషయంలో మర్యాదస్తురాలు. పాత కనెక్షన్‌ని తిరిగిచ్చే ముందు 'చేంజ్ యూజర్' ఆదేశం పంపి అన్నీ కడిగేస్తుంది, దానికి ఒక రానుపోను ఖర్చవుతుంది. పీడీఓ అలా కడగదు. 'బిగిన్ ట్రాన్సాక్షన్' మెథడ్‌తో మొదలుపెట్టిన ట్రాన్సాక్షన్‌ని స్క్రిప్టు ముగిసేటప్పుడు రోల్‌బ్యాక్ (రద్దు) చేస్తుంది కానీ, మీరు చేత్తో ఎస్‌క్యూఎల్ రాసి మొదలుపెట్టినదాని సంగతి దానికి తెలీదు. కనెక్ట్ కాగానే నడవమని ఇచ్చే ఇనిట్ కమాండ్ కూడా కనెక్షన్ మొదట తెరిచినప్పుడే నడుస్తుంది, ప్రతి పేజీకీ కాదు.

కాబట్టి ఈ దారి ఎప్పుడు? డీబీ దూరంగా ఉండాలి, టీఎల్ఎస్ ఉండాలి. సర్వర్లు ఇంటూ వర్కర్లు ఇంటూ డీబీ యూజర్లు అన్న గుణకారం డీబీ పరిమితిలో మూడొంతుల్లో రెండొంతులు దాటకూడదు. కోడ్ తన టైమ్ జోన్, క్యారెక్టర్ సెట్ లాంటివి ప్రతి రిక్వెస్ట్ మొదట్లో తనే పెట్టుకోవాలి. ఎఫ్‌పీఎంలో 'మ్యాక్స్ రిక్వెస్ట్స్' పెట్టి వర్కర్లని అప్పుడప్పుడు రిటైర్ చేస్తుంటే పాత కనెక్షన్లూ వాటితోపాటు పోతాయి. ఇవన్నీ కుదిరితేనే.

జాంగో 1.6లో వచ్చిన 'కాన్ మ్యాక్స్ ఏజ్' కూడా ఈ కుటుంబమే, థ్రెడ్‌కి ఒకటి. కాకపోతే వయసు పరిమితి పెట్టుకోవచ్చు, 60 నుంచి 300 సెకన్లు నాకు ఎప్పుడూ చాలాయి. 4.1లో వచ్చిన హెల్త్ చెక్ ఆప్షన్ కూడా ఆన్ చేసుకోండి, చచ్చిన కనెక్షన్ చేతికి రాదు. ఏఎస్‌జీఐలో (జాంగోని అసింక్ పద్ధతిలో నడిపే తీరు) నడుపుతుంటే మాత్రం దీన్ని ఆపేయమని జాంగో వాళ్లే చెప్తారు.

అప్లికేషన్‌లోనే పూల్

జావా, గో, డాట్‌నెట్, నోడ్ లాంటి చోట్ల ఒకే ప్రాసెస్ గంటల తరబడి బతికి ఉండి వందల రిక్వెస్టులు చూస్తుంది. అక్కడ సహజమైన దారి ఇది. కనెక్షన్ తీసుకో, పని చేసుకో, తిరిగిచ్చెయ్. జావాలో స్ప్రింగ్ బూట్ 2 నుంచి హికారీసీపీ అనే పూల్ లైబ్రరీ డిఫాల్ట్‌గా వస్తోంది, దాని పూల్ సైజు డిఫాల్ట్ 10.

పదేనా అని అందరూ ఉలిక్కిపడి 100కి పెంచుతారు. ఆగండి. క్వెరీ సగటున 5 మిల్లీసెకన్లు పడితే, ఒక కనెక్షన్ సెకనుకి 200 క్వెరీలు లాగుతుంది. పది కనెక్షన్లు 2,000. మీ సైటుకి అంతకన్నా కావాలా? హికారీ వాళ్లు చెప్పే మొదటి అంచనా లెక్క కూడా ఇలాంటిదే: డీబీ మెషీన్‌లో ఉన్న కోర్లకి రెట్టింపు, ప్లస్ డిస్కులు. 8 కోర్ల మెషీన్‌కి 17 దగ్గర. వంద మంది ఒకేసారి డీబీ మీద పడితే 8 కోర్లు వాళ్లందరి మధ్యా పరుగులు పెట్టి ఎవరి పనీ తొందరగా పూర్తిచేయలేవు. క్యూ ఎక్కడో ఒక చోట తప్పదు. అది అప్లికేషన్ వైపు ఉంటే డీబీ ఊపిరి పీల్చుకుంటుంది.

పూల్ చాలట్లేదు అనిపించినప్పుడు నేను మొదట చూసేది సైజు కాదు, కనెక్షన్ పట్టుకుని ఎవరు ఏం చేస్తున్నారన్నది. ఎక్కువసార్లు దొరికే దొంగ ఇలా ఉంటాడు: ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, యూజర్ రికార్డు రాసి, కమిట్ చేయకుండానే ఓటీపీ ఎస్ఎంఎస్ పంపే సర్వీసుని పిలుస్తాడు. మామూలు రోజుల్లో అది క్షణంలో జవాబిస్తుంది. ఒకరోజు దానికి 4 సెకన్లు పడుతుంది. పది కనెక్షన్లు, ఒక్కోటి 4 సెకన్లు, అంటే సెకనుకి రెండున్నర లాగిన్లు. మిగతావాళ్లంతా హికారీ డిఫాల్ట్ 30 సెకన్లు నిలబడి టైమౌట్ తింటారు. డీబీ సీపీయూ మాత్రం 3 శాతం దగ్గర తీరిగ్గా ఉంటుంది. ఇక్కడ పూల్‌ని వందకి పెంచితే జబ్బు ఒక వారం దాగుతుంది, అంతే. ఆ ఎస్ఎంఎస్ పిలుపుని కమిట్ తర్వాతకి జరపాలి.

ఒక్కో లైబ్రరీ డిఫాల్ట్ ఒక్కో రకం, నమ్మి వదిలేయకండి. గో ప్రామాణిక లైబ్రరీలో తెరిచే కనెక్షన్లకి పరిమితే లేదు, ఖాళీగా ఉంచుకునేవి మాత్రం 2. రద్దీ రాగానే వందల్లో తెరుస్తుంది, పని కాగానే రెండు ఉంచుకుని మిగతావి మూసేస్తుంది, మళ్లీ తెరుస్తుంది. పూల్ ఉందని మీరనుకుంటారు, నడుస్తున్నది మొదటి పద్ధతే. పైథాన్‌లో ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ 5 ఉంచుకుని, అవసరమైతే మరో 10 తెరుస్తుంది. చిన్న అంకెలే కదా అనిపిస్తుంది కానీ అది ప్రాసెస్‌కి. పైథాన్ వెబ్ సర్వర్ గూనికార్న్‌లో 8 వర్కర్లు పెడితే 120. ఒక్క మెషీన్‌తోనే పోస్ట్‌గ్రెస్ వంద దాటేశారు.

ఇక అకౌంటెంట్ గారి జబ్బుకి మందు. పూల్‌లో కనెక్షన్‌కి గరిష్ఠ వయసు పెట్టాలి, ఆ వయసు అవతలివైపు ఓపిక కన్నా తక్కువుండాలి. హికారీలో అది 30 నిమిషాలు. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీలో 'పూల్ రీసైకిల్' డిఫాల్ట్‌గా ఆఫ్, మీరే పెట్టుకోవాలి. పక్కన 'ప్రీ పింగ్' కూడా ఆన్ చేస్తే ఇచ్చే ముందు ఒకసారి తట్టి చూస్తుంది. అవతలివైపు అంటే డీబీ ఒక్కటే కాదు, మధ్యలో ఉన్న ఫైర్‌వాల్, లోడ్ బ్యాలెన్సర్ కూడా. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో బయటికి దారిచ్చే నాట్ గేట్‌వే 350 సెకన్లు చప్పుడు లేకపోతే ఆ కనెక్షన్‌ని మర్చిపోతుంది. లైనక్స్‌లో టీసీపీ కీప్ అలైవ్ (ఖాళీ కనెక్షన్ బతికుందా అని తట్టి చూడటం) మొదటి పలకరింపు డిఫాల్ట్‌గా 7,200 సెకన్లకి, అంటే రెండు గంటల తర్వాత. అప్పటికి పలకడానికి ఎవరూ ఉండరు. దాన్ని 5 నిమిషాల లోపుకి దించండి.

మధ్యలో పూలర్

పై మూడింటికీ ఒక సమస్య ఉమ్మడి: ఎవరి లెక్క వాళ్లకే తెలుసు. పది సర్వర్లు ఉంటే పది పూల్స్, ఒకదాని సంగతి ఒకదానికి తెలీదు. అప్పుడు వీధి చివర స్టాండు కావాలి, అంటే అప్లికేషన్లకీ డీబీకీ మధ్య నిలబడి కనెక్షన్లు పంచే పూలర్. పోస్ట్‌గ్రెస్‌కి పీజీబౌన్సర్, మైఎస్‌క్యూఎల్‌కి ప్రాక్సీఎస్‌క్యూఎల్ ఎక్కువగా వాడతారు. అమెజాన్‌లో అయితే ఆర్‌డీఎస్ ప్రాక్సీ దొరుకుతుంది. ఒరాకిల్ వాళ్లు 11జీలోనే డీఆర్‌సీపీ పేరుతో ఈ పూల్‌ని డేటాబేస్ లోపలే పెట్టేశారు, పీహెచ్‌పీ లాంటి విడివిడి ప్రాసెస్‌ల బాధ చూసే.

పీజీబౌన్సర్ 6432 పోర్టులో కూర్చుంటుంది. అప్లికేషన్ వైపు వేల కనెక్షన్లు తీసుకుని, డీబీ వైపు ఇరవయ్యో ముప్పయ్యో మాత్రమే తెరుస్తుంది. ఎలాగంటే, ట్రాన్సాక్షన్ మోడ్‌లో ఒక ట్రాన్సాక్షన్ నడిచినంతసేపే అసలు కనెక్షన్‌ని మీకు అప్పగిస్తుంది, కమిట్ కాగానే లాక్కుని ఇంకొకరికిస్తుంది. పేజీ తయారయ్యే 200 మిల్లీసెకన్లలో డీబీతో నిజంగా మాట్లాడేది 15 అయితే, మిగతా 185 లోనూ ఆ కనెక్షన్ ఇంకొకరి పనిలో ఉంటుంది.

పెట్టిన రోజునే జారిపడే గుంటలు రెండు. దాని మోడ్ డిఫాల్ట్ 'సెషన్'. అంటే క్లయింట్ కనెక్షన్ మూసేదాకా అసలు కనెక్షన్ అతని దగ్గరే. మీ అప్లికేషన్ పర్సిస్టెంట్‌గా పట్టుకుని కూర్చునే రకమైతే అది ఎప్పటికీ మూయదు, పూలర్ పెట్టినా ఒరిగిందేమీ ఉండదు. రెండోది, 'మ్యాక్స్ క్లయింట్ కాన్' డిఫాల్ట్ 100. పోస్ట్‌గ్రెస్ వంద దాటడానికని దీన్ని తెచ్చుకుని, దీని వంద దగ్గర ఆగిపోయి తలపట్టుకుంటారు.

ట్రాన్సాక్షన్ మోడ్‌కి ధర కూడా ఉంది. ట్రాన్సాక్షన్ బయట చేసిన 'సెట్' (సెట్టింగ్ మార్చే ఆదేశం) ఏ కనెక్షన్ మీద పడిందో మీకు తెలీదు. మా ఐదున్నర గంటల కథ ఇక్కడ ఇంకా పెద్దదిగా జరగొచ్చు, అప్పుడు ఒక వర్కర్‌కి పరిమితమైంది ఇప్పుడు అన్ని సర్వర్లకీ తిరుగుతుంది. ఆ ట్రాన్సాక్షన్‌తోనే పోయే 'సెట్ లోకల్' వాడాలి. 'లిసెన్' (డీబీ కబురు కోసం కాచుకోవడం), సెషన్ స్థాయి అడ్వైజరీ లాక్‌లు (అప్లికేషన్ తన అవసరానికి పెట్టుకునే తాళాలు) పనిచేయవు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు (ముందే సిద్ధం చేసుకున్న క్వెరీలు) చాలాకాలం కుదరలేదు, 2023లో వచ్చిన పీజీబౌన్సర్ 1.21 నుంచి ప్రోటోకాల్ స్థాయివి కుదురుతున్నాయి. జాంగో వాళ్లు సర్వర్ సైడ్ కర్సర్లని (ఫలితాల్ని విడతలుగా తెచ్చుకునేవి) ఆపేసుకోవాలి. మైగ్రేషన్లు (టేబుళ్ల రూపం మార్చే స్క్రిప్టులు) పూలర్ గుండా కాకుండా నేరుగా డీబీకి పంపడం నాకు అలవాటు. పీజీబౌన్సర్ ఒకే థ్రెడ్ మీద నడుస్తుందని కూడా గుర్తుంచుకోండి, అది ఒక కోర్‌ని నింపేస్తే రెండోది పెట్టాలి. అది పడిపోతే సైటంతా పడిపోతుంది.

సర్వర్‌లెస్ (రిక్వెస్ట్ వచ్చినప్పుడే క్లౌడ్‌లో కోడ్ లేచే పద్ధతి) వాళ్లకి మాత్రం బేరాలు లేవు, మధ్యలో పూలర్ తప్పదు. అమెజాన్ లాంబ్డాలో మామూలుగా ఒక్కో ఇన్‌స్టెన్స్ ఒకసారికి ఒక్క రిక్వెస్టే చూస్తుంది, దాని కనెక్షన్ దానిదే. ఫలితాల రోజు లాంటి ఉప్పెనలో 800 ఇన్‌స్టెన్స్‌లు లేస్తే 800 కనెక్షన్లు. లోపల పూల్ పెట్టినా అందులో పంచుకోవడానికి రెండో మనిషి ఉండడు.

నన్నడిగితే

ఒకే మెషీన్‌లో పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ నడుస్తుంటే ఏమీ ముట్టుకోకండి. కొత్తది తెరిచి మూయడమే మంచిది. పీహెచ్‌పీ ఉండి డీబీ దూరమైతే, పర్సిస్టెంట్ కన్నా ముందు డీబీని దగ్గరికి జరపగలమా అని చూడండి. కుదరకపోతే వెబ్ సర్వర్ మీదే ఒక పూలర్ పెట్టి, పీహెచ్‌పీని దానితో లోకల్‌గా మాట్లాడించడం నాకు నచ్చిన మార్గం. వర్కర్లు తక్కువై, కోడ్ చిన్నదై, చదవడానికి ఓపిక ఉన్నప్పుడే పర్సిస్టెంట్ ఆన్ చేస్తాను.

జావా, గో అయితే అప్లికేషన్ పూల్, చిన్న సైజులో. సర్వర్లు పెరిగి మొత్తం లెక్క డీబీ పరిమితిలో సగం దాటినప్పుడు బయటి పూలర్ గురించి ఆలోచించండి, అంతకుముందు వద్దు. పైథాన్, రూబీ లాంటి ఎక్కువ ప్రాసెస్‌ల అప్లికేషన్ పోస్ట్‌గ్రెస్ మీద ఉంటే పూలర్ కాస్త ముందే కావలసి వస్తుంది. జాంగో 5.1లో పోస్ట్‌గ్రెస్‌కి సొంత పూల్ వచ్చింది, బాగుంది, కానీ అది కూడా ప్రాసెస్‌కి ఒకటే అని మర్చిపోకండి.

'మ్యాక్స్ కనెక్షన్స్' పెంచేస్తే పోదా అని అడుగుతారు. మైఎస్‌క్యూఎల్‌లో కొంతవరకు పోతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్ ఒక ప్రాసెస్ కాబట్టి మెమరీ తింటుంది, పాతబడే కొద్దీ దాని కేషే పెరుగుతుంది. వెర్షన్ 14లో ఖాళీ కనెక్షన్ల భారం బాగా తగ్గించారు, అంతకుముందు వెర్షన్ వాడుతుంటే వేలల్లో పెట్టే సాహసం చేయకండి.

లెక్కేసేటప్పుడు డిప్లాయ్ రోజుని కూడా లెక్కేయండి. కొత్త వెర్షన్ లేస్తూ పాతది ఇంకా దిగకముందు రెండు జతల పూల్స్ ఒకేసారి ఉంటాయి. మామూలు రోజున 70 ఉంటే ఆ ఐదు నిమిషాలు 140. మధ్యాహ్నం బాగానే ఉన్న సైటు సరిగ్గా డిప్లాయ్ అప్పుడే "టూ మెనీ క్లయింట్స్" అంటుంటే కారణం కొత్త కోడ్ కాకపోవచ్చు.

ఏదీ తేలకపోతే రద్దీగా ఉన్న సమయంలో పోస్ట్‌గ్రెస్‌లో 'పీజీ స్టాట్ యాక్టివిటీ' (ఇప్పుడున్న కనెక్షన్ల జాబితా) తెరిచి, 'స్టేట్' కాలమ్ ప్రకారం లెక్కపెట్టండి. మైఎస్‌క్యూఎల్‌లో అయితే ప్రాసెస్‌లిస్ట్. 'యాక్టివ్' ఐదారు ఉండి 'ఐడిల్' ఎనభై ఉంటే పంచుకోవడం రావట్లేదు, పూల్స్ తగ్గించాలి లేదా మధ్యలో పూలర్ కావాలి. 'యాక్టివ్' అరవై ఉంటే ఏ పూలర్ వల్లా ఉపయోగం లేదు, క్వెరీలు చూసుకోవాలి. 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' డజను కనబడితే ఎవరో ట్రాన్సాక్షన్ తెరిచి బయటి పనికి వెళ్లారు. 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమౌట్'ని 30 సెకన్లకి పెట్టండి, మర్నాటి ఎర్రర్ లాగ్‌లో ఆ ఎవరో పేరుతో సహా దొరుకుతారు.